పాతాళంలో భయం... గట్టుమీద భరోసా

కుందుర్పి: చుట్టూ చదునైన పొలాలు. నడుమ, కొండా గుట్టా లేనిచోట, నేలలో నోరు తెరచుకున్న గుండ్రని గొయ్యి. బెలుం గుహల ముఖద్వారాన్ని మొదటిసారి చూసిన కుందుర్పి ప్రాంతవాసికి అది గుహగా తోచదు. ఎండిన బావిగా తోస్తుంది. ఆ పోలికలో తప్పేమీ లేదు. గుహ మొదట బావిలాగే కిందికి దిగి, కొంత లోతున అడ్డంగా తిరుగుతుంది. కుందుర్పి నుంచి కళ్యాణదుర్గం, అనంతపురం, తాడిపత్రి మీదుగా 150 కిలోమీటర్లకు పైబడి ప్రయాణిస్తే గాని ఈ చోటు రాదు. ఒకప్పుడు కర్నూలు జిల్లాలో ఉన్న కొలిమిగుండ్ల మండలం 2022 ఏప్రిల్‌లో జరిగిన పునర్విభజనతో నంద్యాల జిల్లాలో చేరింది. జిల్లా మారినా, దూరమైనా, విద్యార్థుల విహారయాత్రలకు, సెలవుల్లో కుటుంబాలు కలసి చేసే ప్రయాణాలకు అనంతపురం జిల్లావాసులు ఎంచుకునే చోట్లలో బెలుం ఒకటిగా నిలిచి ఉంది.

వెళ్లివచ్చినవారి ముచ్చట్లలో గుహ అందాల ప్రస్తావన సగమైతే భయం ప్రస్తావన సగం. ఇరుకు దారిలో తల వంచుకుని నడవవలసి వచ్చినప్పుడు గుండె దడదడలాడిందని ఒకరు, చెమటతో తడిసి ముద్దయి సగంలోనే వెనుదిరిగామని మరొకరు చెప్పడం పరిపాటి. ఇంటికి చేరాక ఇది నవ్వులాటగా మారుతుంది. లోపల ఉన్న ఆ పది నిమిషాలు మాత్రం నవ్వులాట కాదు. గుహకు దీపాలు అమర్చవచ్చు, మెట్లు కట్టవచ్చు, గాలి పంపే ఏర్పాటు చేయవచ్చు. కాళ్లు కదలక నిలిచిపోయిన మనిషిని ఏం చేయాలన్నది మాత్రం యంత్రాలతో తేలే విషయం కాదు. అది వెంట నడిచే గైడుతో తేలవలసిన విషయం. భూగర్భ పర్యాటకం గురించిన చర్చ ఎప్పుడు జరిగినా ఆదాయం, ప్రచారం, రహదారుల చుట్టూ తిరుగుతుందే తప్ప ఈ ప్రశ్న దగ్గరికి రాకపోవడం గమనార్హం.

రెండు రకాల నేల

కుందుర్పి కింద ఉన్నది గ్రానైట్ జాతి గట్టి రాయి. దుర్గం శిథిలాలు నిలిచిన కొండ కూడా ఆ రాతిదే. ఈ రాతిలో నీరు గుహలుగా చేరదు. పైపొరలో మెత్తబడిన భాగంలోనూ, లోతున ఉన్న పగుళ్లలోనూ మాత్రమే నిలుస్తుంది. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వర్షం, అదీ కాలానికి కురవని జిల్లాలో ఆ పగుళ్లు నిండేది తక్కువ, తోడేది ఎక్కువ. మోటలు, గిలకలు ఉన్న కాలంలో తవ్విన పెద్ద బావులు ఒక్కొక్కటిగా అడుగంటాయి. బావి అడుగున సైడు బోర్లు వేశారు. అవీ పనిచేయనిచోట వందల అడుగుల లోతుకు నిలువు బోర్లు దించారు. ఈ మెట్టభూముల రైతుకు భూగర్భమంటే తాను తవ్వినది, అప్పు చేసి తవ్వించినది, చివరకు చేతికి అందకుండా పోయినది.

తాడిపత్రి దాటి వెళ్తే నేల స్వభావం మారిపోతుంది. నాపరాళ్ల గనులు, సిమెంటు కర్మాగారాలు ఉన్న ఆ ప్రాంతమంతా సున్నపురాయి. గాలిలోని, మట్టిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకొన్న వాననీరు స్వల్పంగా ఆమ్లగుణం పొంది, పగుళ్లలోకి దిగి, రాతిని కొద్దికొద్దిగా కరిగిస్తుంది. వేల సంవత్సరాలకు సందు సొరంగమవుతుంది, సొరంగం మందిరమవుతుంది. కుందుర్పిలో మనిషి గునపంతో, బాంబులతో చేసిన పనిని కొలిమిగుండ్లలో నీరే ఓపికగా చేసిందన్నమాట.

బెలుం గురించి బ్రిటిష్ భూగర్భ శాస్త్రజ్ఞుడు రాబర్ట్ బ్రూస్ ఫూట్ 1884లో నమోదు చేశారు. ఆ తర్వాత దాదాపు శతాబ్దం పాటు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1980ల తొలి సంవత్సరాలలో హెర్బర్ట్ డేనియల్ గెబావర్ నాయకత్వంలోని జర్మన్ గుహాన్వేషకుల బృందం లోపలికి దిగి, కొలిచి, పటం గీసింది. తేలిన పొడవు 3,229 మీటర్లు. అప్పటికి సమీప గ్రామాల మురుగునీటికి, చెత్తకు ఈ గుహే గమ్యంగా ఉండేది. 1988లో రాష్ట్ర ప్రభుత్వం రక్షిత ప్రదేశంగా గుర్తించడంతో ఆ దుస్థితి తొలగింది. 1999లో పర్యాటకాభివృద్ధి సంస్థ బాధ్యత తీసుకుని దారులు, దీపాలు, గాలి ఏర్పాట్లు సమకూర్చింది. 2002 ఫిబ్రవరిలో ప్రజలకు ప్రవేశం కల్పించారు. కోటిలింగాలు, వేయిపడగలు, ఊడలమర్రి, సప్తస్వరాల గుహ వంటి పేర్లతో సందర్శకులు చూసేది సుమారు కిలోమీటరున్నర దూరం. మిగిలిన సగం చీకటిలోనే ఉంది.

ఈ దారిలో అన్నిటికన్నా లోతైన చోటు పాతాళగంగ. ముఖద్వారం నుంచి సుమారు 46 మీటర్ల కింద సన్నని నీటిధార కన్పించి, మళ్లీ నేలలోకి మాయమవుతుంది. ఆ ధార రెండు కిలోమీటర్ల దూరంలోని బెలుం గ్రామంలో ఉన్న ఒక బావికి చేరుతుందని స్థానికుల నమ్మకం. కరువు నేల నుంచి వెళ్లినవారికి గుహలోని శిల్పాల వంటి రాతి ఆకృతుల కన్నా ఆ నీటిచుక్కే ఎక్కువసేపు గుర్తుండటంలో వింత లేదు. పెద్దలు అక్కడ చేతులు జోడించడమూ కద్దు.

ఊపిరి ఆడటం లేదన్నది అబద్ధం కాదు

గుహలో కలిగే భయాన్ని పిరికితనంగా కొట్టిపారేయడం తేలిక. అందులో ఏముందో విడదీసి చూస్తే విషయం అంత తేలిక కాదని బోధపడుతుంది. మొదటిది చీకటి. రెండవది ఇరుకు. మూడవది ఉక్క. గాలిలో తేమ నిండి ఉన్నప్పుడు చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు, గుండె వేగం పెరుగుతుంది. బెదిరిన మనిషి ఉచ్ఛ్వాస నిశ్వాసాలు వడివడిగా తీస్తాడు. ఆ వడి వల్లనే తల తిరగడం, వేళ్ల కొసలు తిమ్మిరెక్కడం, ఛాతీ పట్టేసినట్లు అన్పించడం సంభవిస్తాయి. ఊపిరి ఆడటం లేదని అతడు అంటాడు. గాలి చాలినంత ఉన్నా అతడి మాట అబద్ధం కాదు. శరీరం అతడికి చెబుతున్నది అదే.

చిక్కు ఎక్కడంటే, గాలి నిజంగా చెడిపోయినప్పుడు కన్పించే లక్షణాలూ ఇవే. బయటి గాలిలో బొగ్గుపులుసు వాయువు 0.04 శాతం మాత్రమే. గాలి కదలని చోట జనం గుమికూడితే వారు వదిలే ఊపిరితోనే అది పెరుగుతుంది. రెండు మూడు శాతానికి చేరితే ఊపిరి వేగం హెచ్చి తలనొప్పి మొదలవుతుంది. పది శాతం దరిదాపుల్లో స్పృహ తప్పుతుంది. భయం మోగించే గంట, ప్రమాదం మోగించే గంట ఒకే శబ్దం చేస్తాయి. లోపల చిక్కుకున్న సందర్శకుడు ఆ రెంటినీ వేరుచేసి తెలుసుకోలేడు. తెలుసుకోగలిగినవాడు పక్కన ఉండాలి. రాళ్లకు పేర్లు చెప్పేవాడు, దారి చూపేవాడు గైడు అనుకుంటే ఆ ఉద్యోగంలో అసలైన పనిని వదిలేసినట్లే.

విద్యార్థి బృందాలలో మరో ఇబ్బంది ఉంది. భయపడ్డానని ఆడపిల్ల చెబితే తోటివారు చేయి పట్టుకుంటారు. మగపిల్లవాడు చెబితే ఎగతాళి చేస్తారు. అందుచేత అతడు చెప్పడు. పళ్లు బిగబట్టి నడుస్తాడు. వెనుక వస్తున్నవారు తోస్తుంటారు, ముందున్నవారు కదలరు. నిజంగా కాలు జారేది, తల రాతికి తగిలేది అటువంటి వేళలోనే. ఇరుకు దారిలో ఒక్కరు కంగారుపడి వెనుదిరిగితే ఆ వెనుక ఉన్న నలభైమందికీ దారి మూసుకుపోతుంది. ఒక మనిషి భయాన్ని సకాలంలో గుర్తించడం దయాధర్మం కాదు, మొత్తం బృందం భద్రతకు సంబంధించిన లెక్క.

అరకు సమీపంలోని బొర్రా గుహలతో పోల్చి చూస్తే ఈ తేడా స్పష్టమవుతుంది. బొర్రాలో ముఖద్వారం విశాలం, కప్పు ఎత్తు, పగటి వెలుగు కొంతదూరం వెంట వస్తుంది. అక్కడ సందర్శకుడు తల ఎత్తి చూస్తాడు. బెలుంలో తల వంచి చూస్తాడు. రెండూ గుహలే అయినా ఒకే రకమైన ఏర్పాట్లు రెండింటికీ చాలవు.

దీపం దించిన చేతులు

ఈ విషయంలో కుందుర్పి వంటి మెట్టప్రాంతాలకు చెప్పదగిన అనుభవం ఉంది. పాడుబడిన బావిలో పూడిక తీయడానికి మనిషిని దింపే ముందు వెలిగించిన దీపాన్నో లాంతరునో తాడుకు కట్టి అడుగుదాకా దించడం రైతు కుటుంబాలు ఎరిగిన పద్ధతి. దీపం వెలుగుతుంటే దిగవచ్చు. కొండెక్కితే దిగకూడదు. దిగినవాడి నడుముకు మోకు ఉంటుంది. గట్టున గిలక దగ్గర ఒకరు ఉంటారు. ఆయన పని లోపలివాడితో మాట్లాడుతూ ఉండటం. సమాధానం ఆలస్యమైతే లాగడం. ధైర్యవంతుడన్న పేరుతో ఎవరినీ ఒంటరిగా దింపరు. ‘చాలు, పైకి లాగండి’ అన్నవాడిని ఎందుకని అడగరు, ముందు లాగుతారు.

ఈ పద్ధతి పూర్తిగా నమ్మదగినదేమీ కాదు. ప్రాణవాయువు సుమారు 16, 17 శాతానికి తగ్గినప్పుడు దీపం ఆరుతుంది గాని, కుళ్లిన బురద నుంచి పుట్టే విషవాయువు కొద్దిపాటి మోతాదులోనే మనిషిని పడగొడుతుంది. అప్పటికి దీపం నిక్షేపంగా వెలుగుతూనే ఉండవచ్చు. మండే వాయువు నిలిచిన బావిలో దీపమే ప్రమాదకారి. ఒకరు పడిపోయారని మరొకరు, ఆయనను రక్షించబోయి ఇంకొకరు దిగి ఒకే బావిలో పలువురు ప్రాణాలు కోల్పోయిన వార్తలు పత్రికల పాఠకులకు కొత్త కాదు. అటువంటి ఘటనలలో దీపం పరీక్ష కన్నా ముందు తప్పిపోయేది గట్టుమీది మనిషి నియమం. ఆయన స్థానం వదిలి లోపలికి దూకిన క్షణం నుంచి ఇద్దరినీ లాగేవారు ఉండరు.

బోర్ల కాలం వచ్చాక నేల మీది భయం రూపు మార్చుకుంది. నీరు పడని బోరును మూయకుండా వదిలేస్తే అది తొమ్మిది అంగుళాల మృత్యుద్వారం. 2006 జులైలో హర్యానాలోని కురుక్షేత్ర జిల్లాలో ప్రిన్స్ అనే బాలుడు సుమారు 60 అడుగుల లోతు గొట్టంలో చిక్కుకుని, దాదాపు రెండు రోజుల తర్వాత ప్రాణాలతో బయటపడిన దృశ్యాన్ని దేశమంతా టీవీల్లో చూసింది. వదిలేసిన బోర్లను మూసివేయాలని, తవ్వేచోట కంచె, హెచ్చరిక బోర్డు ఉండాలని సుప్రీంకోర్టు 2010లో మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ తర్వాత కూడా ఇటువంటి ప్రమాదాలు ఆగలేదు. ఏ గొయ్యి కన్పించినా పిల్లల రెక్క పట్టుకుని వెనక్కి లాగే తల్లులు ఈ నేలలో ఉన్నారంటే అది అజ్ఞానం కాదు. అటువంటి ఇంటి నుంచి వచ్చిన విద్యార్థి బెలుం మెట్ల మీద ఆగిపోతే, ఆ ఆగడం వెనుక ఇంత చరిత్ర ఉంది.

ప్రపంచంలో గుహాన్వేషణను క్రీడగా చేసుకున్నవారి నియమాలు చూస్తే ఈ బావి పద్ధతులే మరో భాషలో కన్పిస్తాయి. నలుగురికి తక్కువగా లోపలికి వెళ్లకూడదు. ఒకరికి గాయమైతే ఒకరు తోడు ఉండాలి, ఇద్దరు సహాయానికి వెళ్లాలి. ప్రతి మనిషి వద్ద వేర్వేరుగా పనిచేసే మూడు దీపాలు ఉండాలి. ఏ గుహకు వెళ్తున్నారో, ఎన్ని గంటలకు తిరిగి వస్తారో బయట ఒకరికి చెప్పి వెళ్లాలి. బృందం వేగం అందరికన్నా నెమ్మదిగా నడిచేవారి వేగమే. వర్షం సూచన ఉంటే ప్రయాణం మానుకోవాలి.

థాయిలాండ్ అనుభవం

చివరి నియమం ఎంత విలువైనదో 2018లో ప్రపంచం చూసింది. ఆ ఏడాది జూన్ 23న ఉత్తర థాయిలాండ్‌లోని థామ్ లువాంగ్ గుహలోకి 12 మంది బాలురు, వారి ఫుట్‌బాల్ సహాయ శిక్షకుడు కొద్దిసేపు చూసి వద్దామని వెళ్లారు. వెనుక వాన కురిసి దారి నీటితో మూసుకుపోయింది. జులై 2న ఇద్దరు బ్రిటిష్ గజ ఈతగాళ్లు వారిని కనుగొనేదాకా బతికి ఉన్నారో లేదో ఎవరికీ తెలియదు. వారు ఉన్నచోట ప్రాణవాయువు 15 శాతానికి పడిపోయింది. సరఫరాల కోసం వెళ్లి వస్తూ థాయిలాండ్ నౌకాదళ మాజీ ఈతగాడు సమన్ కునాన్ జులై 6న మృతి చెందారు. 8 నుంచి 10వ తేదీ మధ్య 13 మందినీ బయటికి తెచ్చారు.

ఆ రక్షణ చర్యలో ఈ చర్చకు అవసరమైన అంశం ఒకటి ఉంది. నీటిలో మునిగిన ఇరుకు సొరంగాలలో బాలుడు కంగారుపడి ఒక్కసారి ముసుగు లాగేసుకుంటే అతడితోపాటు తీసుకువస్తున్న ఈతగాడూ దక్కడు. దాంతో ఆస్ట్రేలియాకు చెందిన మత్తువైద్యుడు రిచర్డ్ హ్యారిస్ ఒక్కొక్కరికి మత్తుమందు ఇచ్చి, స్పృహ లేని స్థితిలో బయటికి పంపారు. ప్రపంచ స్థాయి నిపుణులు ధైర్యంగా ఉండమని బాలురకు ఉపన్యసించలేదు. భయాన్ని నీటి మట్టం, గాలి శాతం మాదిరిగానే ఒక ప్రమాదంగా లెక్కించి, దానికి తగిన ఏర్పాటు చేశారు. అంతకుముందు చీకటిలో గడచిన రోజులలో శిక్షకుడు బాలురను ధ్యానంలో కూర్చోబెట్టి, కదలికలు తగ్గించి, నిబ్బరం నిలబెట్టారు. బౌద్ధ విహారంలో పెరిగిన అనుభవం ఆయనకు అక్కరకు వచ్చింది. బాలురను లోపలికి తీసుకువెళ్లినవారిలో ఒకడై, వారిని నిలబెట్టినవాడూ ఆయనే కావడం ఆ ఉదంతంలోని విచిత్రం.

బెలుంలో సందర్శకులు నడిచే భాగాన్ని థామ్ లువాంగ్‌తో సమానం చేయడం అతిశయోక్తి అవుతుంది. ఇక్కడ దీపాలున్నాయి, దారి ఉంది, గైడు ఉంటాడు. అయితే చదునైన పొలాల నడుమ బావి వంటి ముఖద్వారం ఉన్న గుహకు వాననీరు పరాయిది కాదు. ఆ గుహను తొలిచింది నీరే.

సాహసం పేరుతో తెరిచేముందు

మేఘాలయలో 30 కిలోమీటర్లకు పైగా పొడవున్న క్రెమ్ లియాత్ ప్రా వంటి గుహలను స్థానిక సంఘాలు, విదేశీ అన్వేషకులు కలసి మూడు దశాబ్దాలుగా కొలుస్తున్నారు. అక్కడ శిరస్త్రాణం, తలదీపం కట్టుకుని నీటిలో పాకే యాత్రలకు దేశం నలుమూలల నుంచి యువకులు వెళ్తున్నారు. బెలుంలో తెరవని సగభాగం మీద కూడా రేపో మాపో అటువంటి ఆలోచన రావడం సహజం. ఆ ఆలోచనను తప్పుపట్టవలసిన పనిలేదు. చుట్టుపక్కల యువకులకు ఏడాది పొడవునా ఉపాధి కల్పించగల మార్గమది. వాన మీద ఆధారపడని ఉపాధి ఈ ప్రాంతంలో ఎన్ని ఉన్నాయి కనుక?

గైడుకు ఇవ్వవలసిన శిక్షణ అంతకుముందు తేలాలి. ప్రథమ చికిత్స, వాయువును కొలిచే పరికరం వాడకం, ఎంతమందికి ఒక గైడు ఉండాలన్న పరిమితి, ఎంత వాన పడితే ద్వారం మూయాలన్న నిర్ణయం కాగితం మీద ఉండాలి. దారిలో ఎక్కడెక్కడ వెనుదిరగవచ్చో దిగకముందే చెప్పాలి. తిరిగి వచ్చే దారి ఉందని తెలిసిన మనిషి మరికొంత దూరం నడవగలడు. బలవంతంగా తోసుకుపోయిన మనిషి ఆ తర్వాత ఏ గుహకూ రాడు. ఇన్ని నిబంధనలు పెడితే సాహసమేం మిగులుతుందని కొందరు అనవచ్చు. ఆ వాదనకు కొంత బలం లేకపోలేదు. ముప్పే లేని చోట దాటవలసిన భయమూ ఉండదు. కానీ బావిలోకి దిగేవాడు మోకు కట్టుకున్నంత మాత్రాన అతడి సాహసం తగ్గిందని పల్లెల్లో ఎవరూ అనరు.

ప్రభుత్వం చేయవలసినవి ఎప్పటికి అవుతాయో గాని, పాఠశాలలు, కళాశాలలు తమంతట తాము చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. విహారయాత్రకు ముందు రోజు తరగతిలో ఇరుకు అంటే, చీకటి అంటే ఎవరికి ఇబ్బందో అడగవచ్చు. నలుగురిలో చెప్పలేనివారు చీటీ మీద రాసి ఇవ్వవచ్చు. ఉబ్బసం, గుండె జబ్బు ఉన్నవారి వివరాలు తల్లిదండ్రుల నుంచి తీసుకోవచ్చు. దిగేటప్పుడు, ఎక్కేటప్పుడు తలలు లెక్కపెట్టవచ్చు. ఉపాధ్యాయులందరూ ముందు వరుసలో నడవకుండా ఒకరు చివరన, మరొకరు పైన ఉండవచ్చు. పైన ఉన్నవారి వద్ద లోపలికి వెళ్లినవారి పేర్ల జాబితా, దిగిన సమయం ఉండాలి. దిగనన్న విద్యార్థిని వారి పక్కన కూర్చోబెట్టి, ఆ జాబితా చేతికిచ్చి, పైకి వచ్చినవారి పేర్లు కొట్టివేయమనవచ్చు.